అమ్మమ్మ ఆస్తికి ఒక బహిరంగ లేఖ

సామీ, అక్షరం తప్పుపడిన ఎమ్‌టీ-టీఎల్1 జన్యువూ,

మా పెద్దమ్మకి నలభై దాటకముందే షుగరొచ్చింది. మనిషి చూస్తే పుల్ల. అయినా తప్పంతా అరిసెల మీదికి తోసేశారు. మామకి చెవుడు. "పెన్నకి నీళ్లొచ్చినాయంట మామా" అంటే, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని "పెళ్లెవురికిరా?" అంటాడు.

షుగరు డాక్టరు చెవి చూడడు, చెవి డాక్టరు షుగరు చూడడు. ఆసుపత్రులుండే పొగతోటలో ఇరవై ఏళ్లు రెండు బెంచీల మీద విడివిడిగా కూర్చున్నాం. మూడో ఆయనెవరో నీ పేరు చెప్పినాడు.

నీ పనేమంత పెద్దది? నువ్వు పుట్టించే కూలోడు ల్యూసిన్ అనే ఇటుకని మోసుకొచ్చి అందించాల. దాంతో కణానికి కరెంటు చేసిపెట్టే మైటోకాండ్రియా తన 13 ప్రొటీన్లు కట్టుకుని, ఏటీపీ అనే శక్తి సరుకు తయారుచేసుకుంటుంది. దాని సొంత డీఎన్‌ఏలోని 16,569 అక్షరాల్లో 3243వది 'ఏ' పోయి 'జీ' పడింది, కూలోడు కుంటుతుండాడు. దస్తావేజులో సర్వే నంబరు తప్పు పడితే సవరణ దస్తావేజన్నా రాయించుకోవచ్చు. నీకు అదీ లేదు. 1929లో ఏటీపీని వెలికితీసినవాళ్లలో ఒకాయన మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన మొహం చూసైనా సిగ్గుపడాల్సింది.

వోల్టేజీ పడిపోతే ముందు ఆగేది చేలో మోటారే, బల్బు మిణుకుమిణుకుమంటానే ఉంటది. నీ దెబ్బా అంతే. శక్తి ఎక్కువ లాగే లోపలి చెవికి, ఇన్సులిన్ చేసే కణాలకి, కండరాలకి, మెదడుకి తగులుతుంది.

"మేనరికం చేసుకున్నారు, అనుభవించండి" అన్నారు బంధువులు. మేనరికానికి వేరే పాపాలుండొచ్చుగానీ ఇది దానిది కాదు. నువ్వొచ్చేది తల్లి వైపునుంచే. మామలో ఉండావు, మామ పిల్లలకి రావు. పెద్దమ్మ పిల్లలకైతే తప్పవు.

ఆడపిల్లకి వాటా ఇమ్మని 1986లో చట్టమొచ్చినా మా తాత సెంటు భూమి రాయలేదు. అమ్మమ్మ మాత్రం ఏ చట్టమూ లేకుండానే మగా ఆడా తేడా లేకుండా నిన్ను అందరికీ పంచింది. కొలత మాత్రం సరిగా లేదు, ఒకరికి తట్టెడు, ఒకరికి గుప్పెడు. పైగా వయసు పెరిగేకొద్దీ నెత్తురులో తగ్గిపోయి దాక్కుంటావు. మూత్రం పరీక్షలో దొరికిపోతుంటావులే.

ఈ మొహర్రానికి స్వర్ణాల చెరువు కాడ రొట్టెల పండగలో ఆరోగ్య రొట్టె పట్టుకుంటానంటుంది మా చెల్లెలు. దానికిద్దరూ కూతుళ్లే. మామ కూడా తయారవుతుండాడు, పెళ్లికనుకుని.

ఇట్లు,
నీ వాటాదారుడు,
నెల్లూరు