ఒకొంకో చావుకి పది మార్కులు

మా అన్నయ్య కూతురు ఎమ్మే ఇంగ్లిష్ చదువుతోంది. మొన్న రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి, బాబాయ్, ఈ నవల్లో హీరో కోపం తగ్గించుకునుంటే బతికేవాడా అంది. ఏ నవల అంటే థింగ్స్ ఫాల్ అపార్ట్, చినువా అచెబె, 1958, సెకండ్ యూనిట్ అని ఆన్సర్ షీటు మీద రాసినట్టు చెప్పింది. నవల చదివావా అంటే లేదు, గైడు చదివా అంది. ఆ గైడు ఫొటోలు తీసి పంపమన్నాను, అదే నేను చేసిన తప్పు, ఆ రాత్రికి నిద్ర లేదు.

ఆ గైడు రాసిన మహానుభావుడెవరో నాకు తెలీదు, తెలిసినా చెప్పను, ఎందుకంటే ఈ పాపం ఒక్కడిది కాదు, ఒకరి గైడు చూసి ఇంకొకరు రాసుకుంటూ వస్తున్న వంశపారంపర్య ఆస్తి అది. ప్రశ్న: ఒకొంకో పతనానికి కారణాలు వివరింపుము. పది మార్కులు. జవాబు: మొదటి కారణం కోపం. రెండో కారణం భయం, బలహీనుడంటారేమోనని. మూడోది తండ్రి యునోకా, అప్పులు చేసి తీర్చకుండా పిల్లనగ్రోవి ఊదుకుంటూ బతికినోడు. నాలుగోది మార్పుని అంగీకరించలేకపోవడం. మరి బ్రిటిష్ వాళ్లు ఎక్కడ అని వెతికితే చివర్లో దొరికారు, "వలస పాలన నేపథ్యంలో" అని. నేపథ్యం! హీరో హీరోయిన్లు డ్యూయెట్ పాడుకుంటుంటే వెనకాల కొండలు కనిపిస్తాయి చూడండి, అలా నైజీరియాలో వెనకాల ఎక్కడో బ్రిటిష్ సామ్రాజ్యం పచ్చగా కనిపిస్తా ఉందంట, ముందు మాత్రం ఒకాయన కోపంతో తనంతట తనే ఉరేసుకున్నాడంట.

హీరోని వాడిలోని లోపమే ముంచడం, దీన్ని విషాద దోషం అంటారంట, అరిస్టాటిల్ చెప్పాడంట. అరిస్టాటిల్ పాపం నైజర్ నది మొహం ఎప్పుడూ చూళ్లేదు, ఆయన్నెందుకు లాగుతారు.

ఈ జవాబు చదువుతుంటే నాకు ఇదెక్కడో చూశానే అనిపించింది. తర్వాత వెలిగింది, ఇది సాహిత్య విమర్శ కాదండీ, శవ పంచనామా. నవల ఆఖర్లో ఒకొంకో తన ఇంటి వెనక చెట్టుకి ఉరేసుకుంటాడు, వాణ్ణి అరెస్టు చేద్దామని సిపాయిల్ని వెంటేసుకుని జిల్లా కమిషనర్ వస్తాడు, మన లెక్కలో కలెక్టర్ దొర. ఆ చెట్టు కింద మన గైడు మాస్టారు కూడా పంచనామా సాక్షిగా ఉన్నాడనుకోండి, జేబులో రెండు పెన్నులు, చంకలో స్పైరల్ బైండింగు. దొర అడుగుతాడు, మాస్టారు చెప్తాడు.

మృతుని పేరు? ఒకొంకో. తండ్రి పేరు? యునోకా, అప్పులోడు సార్, ఇది రెండు మార్కుల బిట్. మృతికి కారణం? కోపం సార్. సాక్ష్యం? ఊరంతా శాంతి వారం పాటిస్తుంటే పెళ్లాన్ని కొట్టాడు సార్, పేజీ నెంబరు కూడా ఉంది. సరే, మరి వీపు మీద ఈ కొరడా వాతలేంటి? అవి సిలబస్‌లో లేవు సార్. తల గుండు కొట్టి ఉందేంటి? మొక్కుబడి అని రాసుకోండి సార్. చేతులకి బేడీలు పడ్డాయంట కదా? మాట్లాడుకుందాం రండని తమరే ఆరుగురు పెద్దల్ని పిలిచి తమరే బేడీలు వేయించారు కద సార్, తమరే అడిగితే నేనేం చెప్పను, "నేపథ్యం" అని వేసేద్దాం. ఊరి మీద జరిమానా ఎంత? తమరు వేసింది 200 బస్తాల గవ్వలు సార్, అక్కడ గవ్వలే డబ్బు, కోర్టు బంట్రోతులు ఊళ్లోకెళ్లి 250 అని చెప్పారు. ఆ 50 బస్తాలు? మామూళ్లు సార్.

ఇందులో గుండు, బేడీలు, వాతలు, 200 బస్తాలు, 250 బస్తాలు, ఏదీ నేను కల్పించింది కాదు, నవల్లో ఉన్నవే. (ఆ బంట్రోతుల్ని ఊళ్లోవాళ్లు కోట్మా అంటారు, వాళ్ల నిక్కర్లు బూడిద రంగులో ఉంటాయని బూడిద పిర్రలోళ్లని ఎక్కిరిస్తారు. ఈ ముక్క ఏ గైడులోనూ ఉండదు, పిల్లలు నవ్వుతారని భయం కాబోలు.) నేను కల్పించింది మాస్టారిని ఒక్కణ్ణే, ఆయన కూడా పూర్తి కల్పన కాదు.

ఇప్పుడు దొరవారు ఏం చేశారో చూడండి. శవాన్ని దించండి అంటే ఊళ్లోవాళ్లు మేం ముట్టకూడదు, ఆత్మహత్య భూదేవికి అపచారం, పరాయివాళ్లే దించాలి అంటారు. ఆహా ఎంత వింత ఆచారం అని దొర ముచ్చటపడతాడు. శవాన్ని దించే చోట దొరలాంటోడు నిలబడితే మర్యాద కాదని బంట్రోతుకి అప్పజెప్పి వెళ్లిపోతాడు. దారిలో తను రాయబోయే పుస్తకం గురించి ఆలోచిస్తాడు. పేరు కూడా రెడీ, నైజర్ దిగువ ప్రాంత ఆదిమ తెగలని శాంతింపజేయుట అని. ఈ మనిషి మీద ఒక చాప్టర్ రాయొచ్చు, చాప్టర్ ఎందుకులే, ఒక పేరా చాలు. నవల అక్కడితో అయిపోతుంది. అంతవరకూ ఒక మనిషి ఇల్లూ పొలమూ పెళ్లాలూ పిల్లలూ పెండలం దుంపలూ దేవతలూ అన్నీ మనకి చూపించి ఆఖర్న దొర చేత ఒక్క పేరాకి కుదింపించాడు అచెబె, అంతకన్నా చెంపదెబ్బ ఇంకోటి ఉంటుందా. ఆ దెబ్బ గైడు మాస్టారికి తగల్లేదు. ఆయన ఆ పేరాని తీసుకుని నీట్‌గా పాయింట్లుగా విడగొట్టి, సైడ్ హెడ్డింగులు పెట్టి, పిల్లల చేత బట్టీ కొట్టిస్తున్నాడు.

ఇంకో ప్రశ్న ఉంది, వలస పాలన వల్ల లాభనష్టాలు చర్చింపుము. పాడిగేదె కొనేముందు ఆలోచించినట్టు. లాభాలు: బడి, ఆసుపత్రి, వ్యాపారం, కవలల్ని అడవిలో పారేసే ఆచారం పోవడం. కవలల మాట నిజమే, దాన్ని దాచమని నేనడగను, అచెబె కూడా దాచలేదు. చర్చి ఆ ఊళ్లలో మొదట దొరకబుచ్చుకుంది ఎవర్ని? కవలల్ని పోగొట్టుకున్న తల్లుల్ని, ఊరికి అంటరానివాళ్లైన ఓసుల్ని. నాన్న అనుకున్న ఒకొంకో చేతిలోనే నరికించుకున్న ఇకెమెఫునా అనే పిల్లాడి కోసం లోపల్లోపల ఏడ్చిన ఒకొంకో కొడుకు న్వోయేని. సొంత ఇంటి గోడలో బీటల్ని ఇంత నిజాయితీగా చూపించిన మనిషి రాసిన పుస్తకం అది. కానీ దొర బయల్దేరింది ఆ కవలల్ని ఎత్తుకోడానికా? నైజర్ ఒడ్డున పామాయిల్ వ్యాపారానికి రాయల్ నైజర్ కంపెనీకి 1886లో చార్టర్, అంటే పెత్తనం చేసుకోమని హక్కు పత్రం, ఇచ్చి, 1900లో ఆ పెత్తనమంతా ప్రభుత్వం వెనక్కి తీసుకున్నప్పుడు కంపెనీకి కట్టింది 8 లక్షల 65 వేల పౌండ్లు. ఊళ్లకి ఊళ్లు చేతులు మారాయి. మార్కెట్ వాల్యూ కట్టినవాళ్లు ఆ లెక్కలో కవలల్ని ఏ కాలమ్‌లో వేశారో గైడు మాస్టారు చెప్పాలి.

అచెబె ఇంకో నవల యారో ఆఫ్ గాడ్, 1964, అదీ కొన్ని చోట్ల సిలబస్సే. ఒకొంకో వాళ్ల జాతి ఇగ్బోలు, వాళ్లలో సామెతే ఉంది, ఇగ్బో ఎన్వె ఎజె, ఇగ్బోలకి రాజు లేడు అని. పెద్దలు కూర్చుని తేల్చుకునేవాళ్లు చాలా ఊళ్లలో. రాజు లేకపోతే పన్నెవడు వసూలు చేస్తాడు? అందుకని దొరలు ఒక కాగితం రాసిచ్చి రాజుల్ని తయారుచేశారు, వాళ్ల పేరే వారెంట్ చీఫులు. ఈ నవల్లో ఎజెఉలు అనే పూజారి నాకొద్దు మీ పదవి అంటాడు, వద్దన్నందుకు జైల్లో పెడతారు. ఉద్యోగం ఒద్దన్నందుకు జైలు! దీనికి గైడులో కారణం ఏం రాశారో చెప్పుకోండి చూద్దాం. గర్వం. ఒకాయనకి కోపం, ఒకాయనకి గర్వం, సామ్రాజ్యానికి మాత్రం పాపం ఏ దోషమూ లేదు, బంగారం.

సరే మాస్టారూ, నవలలు పక్కన పెడదాం. 1905లో ఆ ఇగ్బోల నేల మీదే అహియారా దగ్గర స్టీవర్ట్ అనే దొర డాక్టర్ని చంపారని ఆ చుట్టుపక్కల ఊళ్ల మీదకి సైన్యాన్ని పంపారే, ఎవరు చంపారో తెలియని పిల్లా పీచూ కూడా దానికి బలైపోయారే, వాళ్లందరికీ కోపమేనా? 1929లో ఒలోకో అనే ఊళ్లో వారెంట్ చీఫు మనిషి ఒకడు న్వాన్యెరువా అనే ఆవిడ ఇంటికొచ్చి పన్నుల కోసమని మనుషుల్ని, మేకల్ని లెక్కపెట్టబోతే, మీ అమ్మని లెక్కపెట్టారా అని అడిగిందావిడ. ఆ మాట ఊరూరా పాకింది. వేలమంది ఆడవాళ్లు చేతుల్లో కొమ్మలు పట్టుకుని, పాటలు పాడుకుంటూ, తుపాకీ అనేదే లేకుండా రోడ్డెక్కారు. వాళ్ల మీద కాల్పులు జరిపి 50 మందికి పైగా ఆడవాళ్లని చంపేశారు. వాళ్ల విషాద దోషం ఏంటి సార్? ఒక్కొక్కరికీ విడివిడిగా రాయండి, ఒక్కో దోషానికి రెండు మార్కులు వేసుకోండి. వాళ్ల నాన్నలందరూ పిల్లనగ్రోవి ఊదారా? చంపినోడి పేరు రాయడానికి పెన్ను రాని మీరు చచ్చినోడి స్వభావం మీద పది మార్కుల ప్రశ్న ఎలా ఇస్తున్నారు, అసలు సిగ్గనిపించదా?

పిల్లకి ఇదంతా ఫోన్లో చెప్పాను, ఇంచుమించు ఇంతే గట్టిగా. ఒబియెరికా అనే స్నేహితుడున్నాడు చూడు నవల్లో, శవం పక్కన నిలబడి కమిషనర్ మొహం మీదే మా వాణ్ణి తనంతట తనే చచ్చేలా తరిమింది నువ్వే అంటాడు, ఆ మాట రాయి జవాబుగా, మిగతాదేం అక్కర్లేదు అన్నాను. కోపం తగ్గించుకునుంటే బతికేవాడా అన్నావు కదా, బతికేవాడే, ఆ బూడిద నిక్కరు ఉద్యోగం కూడా ఇచ్చేవాళ్లు అన్నాను.

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, బాబాయ్, అలా రాస్తే ఎన్ని మార్కులు పడతాయి అంది.

నాకేం తెలుసు, నేనేమన్నా దిద్దుతానా.

సరేలే బాబాయ్ ఎల్లుండే ఎగ్జామ్ అని ఫోన్ పక్కన పెట్టింది, కట్ చేయడం మర్చిపోయింది. అటునుంచి వినపడుతూనే ఉంది, ది ఫస్ట్ రీజన్ ఫర్ ఒకొంకోస్ డౌన్‌ఫాల్ ఈజ్ హిజ్ యాంగర్, ది ఫస్ట్ రీజన్ ఫర్ ఒకొంకోస్ డౌన్‌ఫాల్ ఈజ్ హిజ్ యాంగర్.