మహారాజశ్రీ మెగాపిక్సెల్ గారికి

మహారాజశ్రీ మెగాపిక్సెల్ గారి దివ్యసముఖమునకు,

బెజవాడ సత్యనారాయణపురం నుంచి ఇద్దరు పిల్లల తల్లి రాయునది. ఉభయకుశలోపరి. అంటే మీరు క్షేమం, మీ దయ వల్ల కెమెరా అమ్మినతనూ క్షేమం, మా ఇంట్లో ఫోటోలకే ఒంట్లో బాగాలేదు.

మీకు రోజూ నాలాంటి వాళ్లు ఎంతమంది తగులుతారో కాబట్టి మన పరిచయం మరిచిపోయి ఉంటారు, గుర్తు చేస్తాను. మా పెద్దది స్కూల్లో ఖోఖో ఆడుతుంది. చిన్నవాడు బ్యాడ్మింటన్. గుంటూరు కిదాంబి శ్రీకాంత్ 2018లో ప్రపంచ నంబర్ వన్ అయ్యాక ఈ చుట్టుపక్కల ఏ పిల్లాడి వీపు చూసినా రాకెట్ సంచే, మావాడి వీపుకి మాత్రం ఎందుకు లోటని మేమూ తగిలించాం. రాకెట్ వచ్చాక డాలస్ నుంచి మా ఆడపడుచు మొదలెట్టింది, "వదినా, పిల్లలు ఆడుతుండగా తీసిన ఫోటోలు ఒక్కటీ పెట్టవేం" అని. ఫోన్‌తో తీస్తే కోర్టు అవతల ఉన్నవాడు చీమంత, జూమ్ చేస్తే వానలో తడిసిన రంగుల ముగ్గు. సరే, అసలైన కెమెరా కొందామని బీసెంట్ రోడ్డు దగ్గర ఒక కొట్టుకి వెళ్లాం.

అక్కడ కూర్చున్నది మీరే, ఫోటోలో చుక్కలు ఎన్ని పది లక్షలో చెప్పే అంకె. కొట్టతను పిల్లలు ఏం ఆడతారు, ఎండలోనా హాల్లోనా, మీరు ఎంత దూరంలో నిలబడతారు అని ఒక్క ముక్క అడగలేదు. పట్టుచీరలు పరిచినట్టు గాజుబల్ల మీద వరసగా పెట్టి, "ఇది 20 మేడమ్, ఇది 24, ఇది 32" అన్నాడు. మా ఆయన, ఈయన ఉల్లిపాయలు కొన్నా పెద్ద సైజు ఏరుకునే మనిషి, 32 మీదకి చెయ్యి పోనిచ్చాడు. ధర చూసి 24 దగ్గర ఆగాం. నేను చెప్పుకోవడానికి సిగ్గుపడే సంగతి ఒకటుంది, నేను పదో తరగతికి లెక్కల ట్యూషన్లు చెబుతాను. అంకెల్ని చూసి మోసపోవద్దని ఊళ్లో పిల్లలందరికీ చెప్పేదాన్ని నేనే.

మొదటి పరీక్ష ఖోఖో మ్యాచ్. సాయంత్రం ఐదున్నర దాటింది, ఎండ దిగిపోయింది. మా పిల్ల పోల్ దగ్గర డైవ్ కొట్టింది, నేను బటన్ నొక్కాను. ఫోటోలో పోల్ ఉంది. పోల్ వెనకాల నిలబడ్డ ఎవరి నాన్నగారిదో పొట్ట ఉంది, ఎంత స్పష్టంగా అంటే చొక్కా మూడో గుండీకి దారం ఊడుతున్న సంగతి ఆయన భార్యకన్నా ముందు నాకు తెలిసింది. మా పిల్ల ఉండాల్సిన చోట నీలం రంగు గాలి. ఆ దారం దాకా చూపించిన ఘనత మీదే, కాదనను.

రెండోది బ్యాడ్మింటన్ హాలు. మనకి కళ్లు చిట్లించేంత వెలుగనిపిస్తుంది గానీ కెమెరాకి అది అమావాస్యట. చిన్నవాడు ఎగిరి స్మాష్ కొట్టాడు. ఫోటోలో వాడి చెయ్యి మోచేతి దాకా బాగానే ఉంది, అక్కడి నుంచి ఆవిరైపోయింది. రాకెట్ లేదు. ఫ్లాష్ వేస్తే కోచ్ గారు ఆట ఆపి మరీ వచ్చారు, "అమ్మా, అవతలి పిల్లాడి కళ్లలో కొడుతోంది, షటిల్ కనపడొద్దా వాడికి" అని. నలుగురు తల్లులు నా వైపు చూసిన చూపు ఫ్లాష్ కన్నా గట్టిది.

గుంటూరు బ్రాడీపేటలో మా పిన్ని కొడుకు ఉన్నాడు, పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్. వాడికి చూపిస్తే ఐదు నిమిషాలు నవ్వి అప్పుడు అడిగాడు, "అక్కా, నీ పెళ్లి ఆల్బంలో తలంబ్రాలు గింజ గింజా గాల్లో ఆగినట్టు కనిపిస్తాయా?" లేదు. మా ఆల్బంలో మా ఇద్దరి నెత్తిమీదా మంచు కురుస్తున్నట్టుంటుంది, ఇన్నేళ్లూ అదేదో స్పెషల్ ఎఫెక్ట్ అనుకున్నాను. "అది షటర్ స్పీడ్ అక్కా, కెమెరా రెప్ప ఎంత త్వరగా తెరిచి మూస్తే గాల్లో ఉన్నది అంత బాగా ఆగుతుంది. మెగాపిక్సెల్‌కి తలంబ్రాలు పట్టుకోవడం రాదు."

ఇంటికొచ్చి లెక్క వేశాను. సెకనుకి ఆరు మీటర్లు పరిగెత్తే పిల్ల, సెకనులో 60వ వంతు షటర్ తెరిచి ఉంటే ఆలోగా పది సెంటీమీటర్లు జరిగిపోతుంది. అదే 1000వ వంతైతే ఆరు మిల్లీమీటర్లు. షటిల్ సంగతి ఇంకా ఘోరం. మన అమలాపురం సాత్విక్ సాయిరాజ్ 2023లో గంటకి 565 కిలోమీటర్ల స్మాష్ కొట్టి గిన్నిస్‌కెక్కాడు, ఆ షటిల్ 60వ వంతు సెకనులో రెండున్నర మీటర్లు దాటేస్తుంది. మావాడిది అందులో పదో వంతు అనుకున్నా పాతిక సెంటీమీటర్ల తెల్ల గీత. ఆ గీతని మీరు 24 మెగాపిక్సెల్స్‌లో ఇచ్చారు. రెండు కోట్ల నలభై లక్షల చుక్కల్లో ఒక మసక.

మీ వంశచరిత్ర కూడా తిరగేశాను. 1975లో కోడాక్‌లో స్టీవ్ శాసన్ అనే కుర్ర ఇంజనీరు చేసిన మొదటి డిజిటల్ కెమెరా మూడున్నర కిలోల పైన బరువు, చుక్కలు పదివేలు, ఒక్క ఫోటో క్యాసెట్‌కి ఎక్కడానికి 23 సెకన్లు. పదివేల నుంచి కోట్లకి ఎదిగారు, సంతోషం, మా వైపు ఇంత త్వరగా పెరిగింది స్థలాల రేట్లొక్కటే. ఇప్పుడేమో ఫోన్ల మీద 200 అని రాసుకు తిరుగుతున్నారు. మామూలుగా ఫోటో తీస్తే అందులో పదహారేసి చుక్కల్ని కలిపి ఒక్క చుక్క చేసి పన్నెండున్నరే చేతిలో పెడతారటగా? పత్రికలో 200 మందిని పిలిచినట్టు అచ్చేయించి, విందులో పన్నెండు విస్తళ్లు వేసినట్టుంది యవ్వారం.

ఇంకో సంగతి. 2020లో కెనాన్ ఆటల ఫోటోగ్రాఫర్ల కోసమని తెచ్చిన పెద్ద కెమెరా, సెకనుకి 16 ఫోటోలు కొట్టేది, అందులో మీరున్నది 20. ఆ ఏడాది దుకాణాల్లో ఫోన్లు 108 అని కేకలేస్తున్నాయి. స్టేడియంలో పొట్టకూటికి ఫోటోలు తీసేవాడికి 20 చాలు, వాట్సాప్‌లో ఆడపడుచుకి పంపే నాకు చాలవు! వాట్సాప్ దాన్ని పిండి పిప్పి చేసి పంపుతుందన్నది వేరే కథ. ఆల్బంలో అంటించే 4 బై 6 ఫోటోకి అంగుళానికి 300 చుక్కలు వేసినా 21 లక్షల 60 వేలు, అంటే రెండు మెగాపిక్సెల్స్ పైచిలుకు. మిగతా ఇరవై రెండింటినీ నేను ఏ గోడకి వేలాడదీయను?

చుక్కలు ఎక్కువుంటే తప్పని అనను. దూరం నుంచి తీసి పక్కలు కత్తిరించుకోవడానికి పనికొస్తాయి, మసక కాని ఫోటో అయితే.

తమ్ముడు చెప్పిందేమిటంటే, "బాడీ మీద కాదక్కా, లెన్స్ మీద పెట్టు డబ్బులు." కెమెరాతో వచ్చిన జూమ్ లెన్స్ పొడుగ్గా లాగితే దాని కన్ను 5.6 కన్నా తెరుచుకోదు, ఈ అంకె ఎంత చిన్నదైతే కన్ను అంత పెద్దగా తెరుచుకున్నట్టు. పెద్దవాళ్లు వాడే 2.8 జూమ్ దానికి నాలుగింతల వెలుగు తాగుతుంది, కానీ మెడలో వేసుకుంటే కిలోన్నర, ధర చూస్తే మెడే వంగిపోతుంది. అందుకని వాడి దగ్గరున్న పాత 85 ఎంఎం, 1.8 లెన్స్ తెచ్చుకున్నాను. జూమ్ లేదు, నేనే అటూ ఇటూ నడవాలి. కానీ 5.6కీ 1.8కీ తేడా దాదాపు పదింతలు. వెలుగు ఎక్కువ దొరికితే షటర్ అంతసేపు తెరిచి ఉండక్కర్లేదు. అదే హాలు, అవే లైట్లు, 60వ వంతు దగ్గర మూలిగిన షటర్ 500వ వంతు దాటి కొట్టింది. వాడి చెయ్యి తిరిగొచ్చింది. గమనించారా, కెమెరా మారలేదు. మీరు అప్పుడూ 24, ఇప్పుడూ 24.

అంతా మీ మీదే తోసేయను. కొన్ని ఫోటోల్లో పిల్లాడు సగం పసుపు, సగం చీకటి, దానికి కారణం మన కరెంటు, సెకనుకి 50 సార్లు అటూ ఇటూ అయ్యే సరఫరాలో కొన్ని రకాల లైట్లు 100 సార్లు మిణుకుతాయట, వేగంగా తీస్తే ఆ మిణుకు దొరికిపోతుంది. వరసగా నొక్కితే రెండు సెకన్లకే కెమెరా బిగుసుకుపోవడం నా పిసినారితనం, చవకరకం మెమరీ కార్డు కొన్నాను. అది మింగేలోపు మ్యాచ్ పాయింట్ అయిపోయింది.

మొన్న పక్కింటావిడ తనకీ కెమెరా కావాలంటే తోడు వెళ్లాను. ఈసారి గాజుబల్ల దగ్గర కూర్చోలేదు. కెమెరా పట్టుకుని ఏలూరు రోడ్డు వైపు గుమ్మంలో నిలబడి, నడిచే మనిషిని వదలకుండా ఫోకస్ పట్టే మోడ్‌లో పెట్టించి, కెనాన్‌లో దాన్ని సర్వో అంటారు, నికాన్, సోనీల్లో ఏఎఫ్-సి, ఎదురుగా దూసుకొచ్చే ఆటోల మీద గురిపెట్టి టకటకా కొట్టాను. ఎన్నింటికి నంబర్ ప్లేటు చదవగలిగితే అన్ని మార్కులు. ఒక ఆటోఅతను చలానా అనుకుని హెల్మెట్ లేని బైకువాడిని ముందుకి తోశాడు. కొట్టతను మాత్రం "మేడమ్, ఎండలో పెట్టకండి మేడమ్, ఇది 32 మెగాపిక్సెల్ మేడమ్" అని లోపలి నుంచి బతిమాలుతూనే ఉన్నాడు. 24దే ఎక్కువ మార్కులు తెచ్చుకుంది. మిగిలిన డబ్బు లెన్స్‌కి పెట్టించాను.

కాబట్టి అయ్యా, మీ పేరు డబ్బా మీద చిన్న అక్షరాల్లోకి దించి, ఆ చోటు లెన్స్ కన్ను ఎంత తెరుచుకుంటుందో చెప్పే అంకెకి ఇప్పించ ప్రార్థన. మా ఇంటి ఈఎంఐ ఇంకా ఏడు నెలలుంది, ఆ లోపు జవాబు రాసినా చాలు.

ఇట్లు,
లెక్క తప్పిన లెక్కల టీచరు

తాజాకలం: నిన్న చిన్నవాడి స్మాష్ ఒకటి పడింది. రాకెట్ వల, చెమట, నోట్లోంచి బయటికొచ్చిన నాలుకతో సహా. డాలస్‌కి పంపాను. రెండు నిమిషాల్లో జవాబొచ్చింది. "సూపర్ వదినా! ఎన్ని మెగాపిక్సెల్స్?"