హైదరాబాద్‌లో బిర్యానీ తప్ప ఏం లేదట!

డిసెంబర్‌లో డాలస్ నుంచి వస్తున్న మా బాబాయి కొడుకు మొన్న వాట్సాప్‌లో ఒక మెసేజ్ పంపాడు. అప్పటికే అది నాకు మూడు గ్రూపుల్లో వచ్చింది. "పుట్టి పెరిగిన హైదరాబాదీగా చెప్తున్నా" అని మొదలుపెట్టి ఐదు మాటలు చెబుతుంది. ఈ ఊళ్లో బిర్యానీ తప్ప తినడానికి ఏమీ లేదు. ఆ బిర్యానీలో కూడా నిజాం నాటి రుచి పోయింది. ఇరానీ హోటళ్లు చచ్చిపోయాయి. శాకాహారులు ఇంట్లో తినేసి బయల్దేరడం మేలు. తెలంగాణ తిండి సిటీలో దొరకనే దొరకదు. కింద మావాడు, "నిజమేనా అన్నా? నేనుండేది రెండు రోజులే, ఎక్కడ తిందాం?" అని అడిగాడు.

ఫోన్లో చెప్పబోతే ఇరవై నిమిషాలైనా రెండో మాట దాటలేదు, అందుకే రాస్తున్నాను. నేనూ ఇక్కడే పుట్టాను, నిలోఫర్ ఆస్పత్రిలో. పుట్టుకే అర్హత అయితే మెసేజ్ రాసినాయనా నేనూ సమానం.

"బిర్యానీ తప్ప ఏమీ లేదు."

ఈయన మధ్యాహ్నం ఒంటిగంటకి ముందు ఇల్లు కదలడని నా అనుమానం. హైదరాబాద్‌లో ఏ హోటల్ బాగుంటుందని అడిగితే ముందు ఎన్ని గంటలకని అడగాలి. ఈ ఊరి తిండి గడియారాన్ని బట్టి మారుతుంది.

తెల్లవారుజామున మూడు, నాలుగింటికి నాంపల్లి వైపు వెళ్తే రామ్ కీ బండీ దగ్గర జనం నిలబడి దోశ తింటుంటారు. పెనం మీద దోశ కనపడనంత వెన్న వేస్తాడు. ఆ వేళకి అక్కడ నైట్ షిఫ్ట్ దిగినవాళ్లు, రైలు దిగినవాళ్లు, పెళ్లి నుంచి వస్తున్నవాళ్లు, ఉత్త పుణ్యానికి నిద్రపట్టనివాళ్లు, అందరూ ఉంటారు. కాసేపాగి పాతబస్తీ మదీనా చౌరస్తా దగ్గర షాదాబ్ హోటల్‌కి వెళ్తే నహారీ తయారుగా ఉంటుంది. నహార్ అంటే అరబ్బీలో పగలు. పొద్దున నమాజ్ అయ్యాక తినే వంటకం కాబట్టి ఆ పేరు. మేక కాళ్లు, నాలుక రాత్రంతా సన్నని సెగ మీద ఉడికి, పులుసు పెదవులకి అంటుకుపోయేలా తయారవుతుంది. నిమ్మకాయ పిండుకుని, రొట్టె ముంచుకుని తినాలి. నేను మొదటిసారి వెళ్లినప్పుడు తొమ్మిదిన్నర అయింది. సర్వర్ నన్ను పైనుంచి కిందికి చూసి, "అబ్ ఉఠే క్యా?" (ఇప్పుడు లేచావా?) అన్నాడు.

ఆ రొట్టె సంగతి కూడా చెప్పాలి. పురానీ హవేలీ దగ్గర మున్షీ నాన్ అని ఒక దుకాణం ఉంది, 1851 నాటిది. నాలుగు కోణాల నాన్ కాల్చి అమ్ముతారు, కూర్చుని తినే హోటల్ కాదు. నేలలోకి బావిలా దించిన తందూర్ ఉంటుంది. దాని అంచున కూర్చున్న మనిషి పిండిని మెత్తటి దిండు మీద పరిచి, నడుము దాకా లోపలికి వంగి, గోడకి చరిచి, మళ్లీ పైకి లేస్తాడు. ఆ మనిషి మళ్లీ లేస్తాడా లేదా అని మొదటిసారి చూసినవాడికి గుండె ఆగినంత పనవుతుంది. కాలిన నాన్ మీద చిన్న చిన్న బొబ్బలు, మీగడ రంగు. వేడిగా ఉన్నప్పుడు కాగితంలో చుట్టిస్తారు. ఇంటికి చేరేలోపు ఒకటి తగ్గడం మామూలే.

ఇంట్లో పొద్దున టిఫిన్‌కి ఖిచ్డీ, ఖీమా, ఖట్టా అనే పుల్లటి పులుసు తినేవాళ్లని బిర్యానీతోనే బతికేవాళ్లని అనడం అన్యాయం. రంజాన్ నెల వస్తే సాయంత్రం లెక్కే వేరు. హోటళ్ల ముందు ఇటుకలు, మట్టితో బట్టీలు లేస్తాయి. గోధుమలు, మాంసం కలిపి పెద్ద దేగ్‌లో గంటల తరబడి ఉడికిస్తూ, ఇద్దరు ముగ్గురు పొడుగాటి కట్టెలతో మెదుపుతూనే ఉంటారు. ఆ హలీమ్‌కి 2010లోనే జీఐ, అంటే ఈ ఊరి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2019లో యునెస్కో హైదరాబాద్‌ని గాస్ట్రోనమీ, అంటే తిండి సంస్కృతి విభాగంలో సృజనాత్మక నగరంగా ఎంచింది. ఒక్క వంటకం ఉన్న ఊరికి ఆ పేరు ఇవ్వరు కదా.

"నిజాం నాటి రుచి పోయింది."

నిజాం నాటి రుచిని మెసేజ్ రాసినాయన ఎప్పుడు చూశాడో తెలియదు. మనం హోటళ్లలో తిన్నది మొదటినుంచీ హోటల్ బిర్యానీయే. ప్యారడైజ్‌నే చూడండి. 1953లో సికింద్రాబాద్‌లో అదే పేరున్న సినిమా హాలు పక్కన చాయ్, సమోసాలు అమ్మే చిన్న కేఫ్‌గా మొదలైంది. హాలు పోయింది, పేరు మాత్రం హోటల్‌కి, చౌరస్తాకి, ఇప్పుడు మెట్రో స్టేషన్‌కి మిగిలింది. "పాత రుచి" అని మనం అనేది మన చిన్నప్పటి రుచిని. అప్పట్లో నెలకోసారి, అదీ నాన్న జీతం రోజున తినేవాళ్లం. ఆ ఆకలి ఇప్పుడు లేదు, రుచి ఎక్కడినుంచి వస్తుంది?

అయితే ఈ మాటలో కొంత నిజం ఉంది, ఒప్పుకుంటాను. కచ్చీ బిర్యానీ అంటే పెరుగు, మసాలాలు పట్టించిన పచ్చి మాంసం అడుగున, సగం ఉడికిన బియ్యం పైన పెట్టి, మూతకి పిండి అంటించి దమ్ ఇవ్వాలి, అంటే ఆవిరి బయటికి పోకుండా సన్నని సెగ మీద మగ్గనివ్వాలి. మాంసం, బియ్యం రెండూ ఒకేసారి ఉడకాలి. ఒకటి ముందైతే రెండోది పాడు. దాంతో తలనొప్పి ఎందుకని విడిగా వండిన కూరని అన్నంలో కలిపి, ఎర్రరంగు చల్లి "హైదరాబాదీ ధమ్" అని బోర్డు పెట్టేవాళ్లు చాలామంది తయారయ్యారు. హైవే మీద ఒకచోట తిన్నాను. చేతికి అంటిన రంగు మర్నాటి దాకా పోలేదు. కానీ వాళ్లని చూపించి ఊరంతా అంతే అంటే ఎలా? ప్లేట్ రాగానే చూడండి. తెల్ల మెతుకు, పసుపు మెతుకు విడివిడిగా ఉండాలి, మసాలా అడుగున ఉండాలి. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ బావర్చీ వాళ్లు మాకు ఎక్కడా బ్రాంచీలు లేవని బోర్డు పెట్టుకున్నారు. అదే పేరుతో ఊరంతా హోటళ్లు వెలిసినా వీళ్ల ముందు పార్సిల్ లైను తగ్గలేదు. ఇంకో సలహా. చికెన్ కాదు, మటన్ చెప్పండి. ఈ పద్ధతి పుట్టిందే మేక మాంసం కోసం.

"ఇరానీ హోటళ్లు చచ్చిపోయాయి."

చాలా మూతపడ్డాయి, కాదనను. మూల మీద పాలరాతి బల్లలు, వంగిన చెక్క కుర్చీలు ఉన్న కేఫ్ పోయి ఫోన్ల షాపు వచ్చిన చౌరస్తాలు నాకే నాలుగైదు తెలుసు. కానీ ఆబిడ్స్‌లో గ్రాండ్ హోటల్ 1935 నుంచి ఉంది. సికింద్రాబాద్ స్టేషన్ ఎదుట ఆల్ఫా ఉంది. చార్మినార్ పక్కన నిమ్రాలో చాయ్, ఉస్మానియా బిస్కెట్ కోసం పొద్దున్నే జనం ఎగబడతారు.

అసలు విషయం వేరే ఉంది. ఇరాన్‌లో యజ్ద్ వైపు నుంచి బొంబాయి మీదుగా ఇక్కడికి వచ్చినవాళ్లు చాయ్ దగ్గరే ఆగిపోలేదు. ప్యారడైజ్, కేఫ్ బహార్, సర్వీ, ఈ మూడింటి వెనకా ఇరానీ కుటుంబాలే ఉన్నాయి. అంటే మెసేజ్ రాసినాయన పొగిడే బిర్యానీలో సగం, ఆయన చచ్చిపోయాయన్న ఇరానీ హోటళ్లదే.

చాయ్ చేసే తీరు కూడా దగ్గరనుంచి చూడండి. డికాక్షన్ ఒక పాత్రలో మూతకి గుడ్డ చుట్టి దమ్ మీద ఉంటుంది. పాలు ఇంకోదాంట్లో చిక్కబడేదాకా మరుగుతుంటాయి. ముందు కప్పులో డికాక్షన్, పైన పాలు. కలిపి మరిగించడం ఉండదు, అందుకే మనం ఇంట్లో ఎంత ప్రయత్నించినా ఆ రుచి రాదు. నేను పుట్టిన రాత్రి ఆస్పత్రి దగ్గరున్న కేఫ్ నిలోఫర్‌లో ఆరు చాయ్‌లు తాగానని మా నాన్న ఇప్పటికీ చెబుతాడు. మొదట్లో నాలుగే, ఏటా ఒకటి పెరుగుతోందని అమ్మ అంటుంది.

"శాకాహారులు ఇంట్లో తినేసి రండి."

దీనికి ఎక్కువ రాయను. ఆబిడ్స్ తాజ్‌మహల్ హోటల్ 1948 నుంచి ఇడ్లీ, దోశ, భోజనం పెడుతోంది. చార్ కమాన్ దగ్గర గోవింద్ బండి మీద దోశ తినడానికి కార్లలో వస్తారు. కోఠిలో గోకుల్ చాట్ ఉంది. 2007 ఆగస్టు 25న అక్కడ బాంబు పేలింది, ఎంతోమంది పోయారు. మళ్లీ తెరిచాక జనం మళ్లీ వచ్చారు. అదే కౌంటర్ ముందు నిలబడి నేను ఇప్పటికీ కట్లెట్ తింటాను, తిన్న ప్రతిసారీ ఆ సాయంత్రం గుర్తొస్తుంది. ఇక బిర్యానీ పక్కన పెట్టే మిర్చీ కా సాలన్, బగారా బైంగన్ ఎవరి వంటలు? వాటిలో మాంసం ముక్క ఉండదు.

"తెలంగాణ తిండి దొరకదు."

ఏసీ హాల్లో మెనూ కార్డు పట్టుకుని వెతికితే తక్కువే. బియ్యప్పిండితో చేసే కారం రొట్టె సర్వపిండి ఇప్పటికీ ఇంటి వంటే. గిన్నెకి అద్ది చిల్లులు పెట్టి నూనె పోసి కాల్చే ఓపిక హోటళ్లకి ఉండదు. కానీ సాయంత్రం ఆరు దాటాక ఏ బస్తీ రోడ్డు పక్కన నడిచినా టప్‌టప్‌మని చప్పుడు వినపడుతుంది. ఒక అమ్మ కింద కూర్చుని జొన్నపిండి ముద్దని అరచేత్తో కొడుతూ తిప్పుతూ రొట్టె చేస్తుంటుంది. పెనం మీద వేసి పైన తడిగుడ్డతో అద్దుతుంది. డాక్టర్ షుగర్ అన్నాడని స్కూటర్ మీద వచ్చి నాలుగు కట్టించుకునేవాళ్లు, కూలిపని నుంచి వస్తూ అక్కడే కారంతో తినేవాళ్లు పక్కపక్కనే నిలబడతారు. మా వీధి చివరి అమ్మ దగ్గర ఎనిమిది దాటితే పిండి అయిపోతుంది. "రేపు జల్దీ రా బిడ్డా" అంటుంది. బోర్డు లేదు, ఆన్‌లైన్‌లో రేటింగ్ లేదు, కాబట్టి మెసేజ్ రాసినాయన లెక్కలో అది హోటల్ కాదు. నా లెక్కలో నా ఇష్టమైన హోటళ్లలో రెండోది.

మొదటిది ఏదని మావాడు అడిగాడు. శనివారం తెల్లవారుజామున నాలుగున్నరకి కిందికి రమ్మన్నాను. "అన్నా, పిచ్చా నీకు?" అన్నాడు. జెట్‌లాగ్‌తో ఎలాగూ మెలకువగానే ఉంటావు కదరా అన్నాను.