స్పానిష్ యాసైనా, తెలుగు యాసైనా

1968 అక్టోబరు 7. అమెరికాలోని డెట్రాయిట్‌లో బేస్‌బాల్ వరల్డ్ సిరీస్ ఐదో ఆట. అమెరికా జాతీయగీతం పాడడానికి గాయకుడు హోసే ఫెలిసియానో మైదానంలోకి వచ్చాడు. వయసు ఇరవై మూడు. పుట్టుకతోనే చూపు లేదు. చేతిలో గిటారు, పక్కన దారి చూపే కుక్క. అమెరికా పాలనలోని కరీబియన్ దీవి ప్యూర్టోరికోలో పుట్టి, చిన్నప్పుడే న్యూయార్క్ వచ్చినవాడు. అందరికీ అలవాటైన కవాతు బాణీని పక్కన పెట్టి, నిదానంగా, గమకాలు పలికిస్తూ, తనకు వచ్చిన సంగీతంలో ఆ గీతాన్ని పాడాడు. పాట ముగిసేసరికి చప్పట్లతో పాటు వెక్కిరింపు కేకలూ లేచాయి. టీవీ వాళ్ళకు కోపంతో ఫోన్ల మీద ఫోన్లు వచ్చాయి. తర్వాత చాలా రేడియో స్టేషన్లు అతని పాటలు వేయడమే మానేశాయి. దేశం మీద కృతజ్ఞతతోనే అలా పాడానని అతను చెప్పుకోవాల్సి వచ్చింది. 2010లో మళ్ళీ డెట్రాయిట్ పిలిస్తే వెళ్ళి, అదే గీతాన్ని అదే పద్ధతిలో పాడాడు. ఈసారి జనం ఆదరించారు. మధ్యలో నలభై రెండేళ్ళు గడిచిపోయాయి.

లాటినోల, అంటే లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్ళ పాట, ఆట, వంట మనం ఉంటున్న ఈ అమెరికాకు ఎప్పుడూ కావాలి. ఆ మనుషులు ఇక్కడివాళ్ళేనని ఒప్పుకోవడం దగ్గరే పేచీ వస్తుంది. నిజానికి లాటినో అన్నది ఒక జాతి కాదు. వాళ్ళలో తెల్లవాళ్ళు, నల్లవాళ్ళు, ఆదివాసులు, అందరూ కలిసినవాళ్ళు ఉన్నారు. అయినా 1930 జనాభా లెక్కల్లో ‘మెక్సికన్’ను ఒక జాతిగా రాశారు. అదే ఫారంలో ‘హిందూ’ కూడా ఒక జాతే! ఇండియా నుంచి వచ్చిన సిక్కులనూ ముస్లింలనూ కూడా అందులోనే కలిపేశారు. వాళ్ళనూ మననూ ఒకే చూపుతో చూడడం అంత పాతది.

2013ను గుర్తు చేసుకోండి. జూన్‌లో శాన్ ఆంటోనియోలో ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ ఫైనల్స్. ఆ ఊళ్ళోనే పుట్టిన సెబాస్టియన్ దె లా క్రూజ్ అనే పిల్లాడు మరియాచి (మెక్సికన్ జానపద సంగీతం) కళాకారుల ఎంబ్రాయిడరీ దుస్తుల్లో వచ్చి జాతీయగీతం పాడాడు. గొంతు ఖంగుమంది. ఆ రాత్రే ట్విట్టర్‌లో వాణ్ణి నానా మాటలన్నారు. ఆ ఊరి జట్టు స్పర్స్ వెనక్కి తగ్గకుండా తర్వాతి ఆటకూ వాణ్ణే పిలిచి పాడించింది. జూలైలో బేస్‌బాల్ ఆల్‌స్టార్ ఆటలో దేశభక్తి గీతం పాడిన ప్యూర్టోరికో మూలాలున్న గాయకుడు మార్క్ ఆంటొనీని పరాయి దేశం వాడన్నారు. అతను పుట్టింది న్యూయార్క్‌లో. సెప్టెంబరులో మన విజయవాడ మూలాలున్న నీనా దావులూరి మిస్ అమెరికా అయింది. ఆ అమ్మాయీ న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టిందే. ఆమెను అరబ్బు అన్నారు, టెర్రరిస్టు అన్నారు.

ఆ వారం మన ఇళ్ళలో ఇంకో మాట లేదు. మన ఆడపిల్లను అన్నారని అందరికీ కడుపు మండింది, మండాల్సిందే. కానీ జూన్‌లో ఆ పిల్లాడి గురించి మనం మాట్లాడుకున్నట్టు నాకు గుర్తు లేదు. ఇది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

‘‘మనం చదువుకుని, లీగల్‌గా వచ్చాం. వాళ్ళతో మనకు పోలికేంటి?’’ అంటారు మనవాళ్ళు. ప్యూర్టోరికో వాళ్ళు 1917 నుంచీ అమెరికా పౌరులు. కాగితాల్లో ఏ లోపమూ లేదు. 2026 సూపర్ బౌల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్) విరామ ప్రదర్శన గాయకుడు బ్యాడ్ బన్నీది అని 2025 సెప్టెంబరులో ప్రకటించగానే ఏం జరిగింది? స్పానిష్‌లో పాడే ప్యూర్టోరికన్‌కు ఆ వేదిక ఇస్తారా అని రాజకీయ నాయకులే విరుచుకుపడ్డారు. పోటీగా ‘ఆల్ అమెరికన్’ పేరుతో వేరే ప్రదర్శన ప్రకటించారు. తన కచేరీల బయట ఐస్ (వలస చట్టాలు అమలు చేసే ఫెడరల్ సంస్థ) అధికారులు కాపు కాస్తారేమోనన్న దిగులుతోనే అమెరికా ప్రధాన భూభాగంలో టూర్ పెట్టుకోలేదని అతను అంతకుముందే చెప్పాడు. పౌరుడైన గాయకుడికి తన పాట వినడానికి వచ్చేవాళ్ళ గురించి అంత భయం! ఆ సూపర్ బౌల్‌కు ఎంచుకున్న ఊరు కాలిఫోర్నియాలోని శాంటా క్లారా. అక్కడ మన తెలుగు కుటుంబాలు ఎన్ని ఉన్నాయో చెప్పక్కర్లేదు.

అదే 2025 సెప్టెంబరులో ఇంకొకటి జరిగింది. మనిషి ఏ జాతివాడిలా కనిపిస్తున్నాడు, స్పానిష్ గానీ యాసతో ఇంగ్లిష్ గానీ మాట్లాడుతున్నాడా, ఎక్కడ ఉన్నాడు, ఏ పని చేస్తున్నాడు. వీటిని మాత్రమే చూసి ఇమిగ్రేషన్ అధికారులు ఎవరినీ ఆపొద్దని లాస్ ఏంజెలెస్ ఫెడరల్ జడ్జి జూలైలో ఆదేశించారు. సెప్టెంబరు 8న సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని నిలిపేసింది. ‘యాసతో ఇంగ్లిష్’ అన్న చోట ఆగి ఇంకోసారి చదవండి. వేసవిలో వచ్చే మన అమ్మానాన్నలు మాట్లాడేది ఏ ఇంగ్లిష్? ఇరవై ఏళ్ళుగా ఇక్కడున్న మనం మాట్లాడేది ఏ ఇంగ్లిష్? పొద్దున్నే పార్కుకు నడకకు వెళ్ళే నాన్నకు పాస్‌పోర్టు కాపీ జేబులో పెట్టి పంపే ఇళ్ళు నాకు తెలుసు. ఈ టెన్షన్ మనకు కొత్త. పక్క వీధిలోని మెక్సికన్ కుటుంబాలు దీనితోనే పిల్లల్ని పెంచి పెద్ద చేశాయి.

ఇమిగ్రేషన్ అధికారి ఆపితే ఏం చెప్పాలి, ఏ కాగితం మీద సంతకం పెట్టకూడదు, లాయరును ఎలా అడగాలి. ఇవన్నీ చెప్పే శిబిరాలను లాటినో సంఘాలు ఎన్నో ఏళ్ళుగా నడుపుతున్నాయి. మన తెలుగు సంఘం ఆ లాటినో సంఘాలతో కలిసి ఒక శనివారం హాలు తీసుకుని, స్పానిష్‌లోనూ తెలుగులోనూ అలాంటి శిబిరం పెట్టాలి. ఖర్చు మన నిధి నుంచే ఇవ్వాలి. అలాగే ఉగాది వేదిక మీదికి స్థానిక మరియాచి బృందాన్ని పిలిచి, మన కళాకారులకు ఇచ్చినంత సమయం, అంతే పారితోషికం ఇవ్వాలి. ఈ రెంటినీ వచ్చే కార్యవర్గ సమావేశంలో ప్రతిపాదిస్తున్నాను. బలపరిచేవాళ్ళు ఆ రోజు తప్పకుండా రండి.