డగ్గీ జోన్స్ వ్యక్తిత్వ వికాస పాఠాలు

జీవితంలో పైకి రావాలంటే ముందు నువ్వెవరో తెలుసుకోవాలని వ్యక్తిత్వ వికాస నిపుణులు చెబుతుంటారు. వాళ్ల పొట్ట కొట్టడం నా ఉద్దేశం కాదు గానీ, 2017లో వచ్చిన అమెరికన్ సీరియల్ 'ట్విన్ పీక్స్: ద రిటర్న్' చూశాక ఆ సిద్ధాంతాన్ని అర్జెంటుగా రద్దు చేయాలని మనవి చేసుకుంటున్నాను.

అందులో డేల్ కూపర్ అనే ఎఫ్‌బీఐ ఏజెంటు ఎర్ర తెరల మాయాలోకంలో పాతికేళ్లు ఇరుక్కుపోయి, చివరికి కరెంటు సాకెట్లోంచి లాస్ వేగస్‌లో ఊడిపడతాడు. బూట్లు అవతలే ఉండిపోతాయి, బుర్ర కూడా. అచ్చం తనలాగే ఉండే డగ్గీ జోన్స్ అనే ఇన్సూరెన్స్ ఉద్యోగి స్థానంలోకి వచ్చి పడతాడు. ఎదుటివాడి మాటలో చివరి ముక్క తిరిగి అనడం తప్ప ఏమీ రాదు. దర్శకుడు డేవిడ్ లించ్ దీన్ని అధివాస్తవికత అనుకుని తీశాడేమో. ఆఫీసు మీటింగుల్లో తలపండినవాళ్లకి డాక్యుమెంటరీలా ఉంటుంది.

ఎందుకంటారా? బాస్ ఫైళ్లిస్తే డగ్గీ వాటి మీద పెన్సిల్‌తో నిచ్చెనలు, మెట్లు గీసి పెడతాడు. బాస్ మొదట బిత్తరపోతాడు. ఇందులో నాకేం అర్థం కావాలయ్యా అంటే, 'అర్థం కావాలి' అంటాడు మనవాడు. ఆయన మళ్లీ కాగితాలు తిప్పి చూస్తాడు, కళ్లు పెద్దవవుతాయి. కంపెనీలో సాగుతున్న మోసం ఆ గీతల్లో కనబడుతుంది! డగ్గీకి థ్యాంక్స్ చెప్పి, ఆలోచించాల్సింది చాలా ఉందంటాడు. 'చాలా ఉంది' అంటాడు డగ్గీ. తానా అంటే తందానా అనడం ఇంత లాభసాటి అని మన నిపుణులు ఏ సెమినార్‌లో చెప్పారు?

కేసినోలో వరసగా 30 జాక్‌పాట్లు కొడతాడు. డాక్టరు పరీక్షించి, బరువు తగ్గాడు, భేషుగ్గా ఉన్నాడంటాడు. భార్య జేనీ-ఈ కొత్తగా మోజుపడుతుంది. టై నెత్తికి చుట్టుకుని టిఫిన్‌కి వచ్చినా ఆవిడకి అనుమానం రాదు.

అనుమానం వచ్చేదల్లా మనిషి చక్కగా మాట్లాడటం మొదలుపెట్టాకే. 16వ భాగంలో కూపర్‌కి పూర్తిగా స్పృహ వస్తుంది. టకటకా ఆర్డర్లు వేస్తాడు, కారు తానే నడుపుతాడు, కుటుంబం మీద ప్రేమ వెల్లడిస్తాడు. అప్పుడు అడుగుతుంది ఆ ఇల్లాలు, నువ్వు డగ్గీవి కాదా అని.

తనెవరో తెలిసొచ్చిన ఆ కూపర్ ఏం బావుకున్నాడయ్యా అంటే, గతాన్ని సరిదిద్దుతానని బయల్దేరి పేరు కూడా పోగొట్టుకుంటాడు. ఆఖరికి చీకటి వీధిలో నిలబడి 'ఇది ఏ సంవత్సరం?' అని అడిగే స్థితికి వస్తాడు.

డగ్గీ కుటుంబం మాత్రం క్షేమం. వెళ్లేముందు కూపర్ తన వెంట్రుక ఒకటిచ్చి ఆ మాయాలోకంలో ఇంకో డగ్గీని చేయించాడు. వాడు ఇంటి ఎర్ర తలుపు ముందు దిగి 'హోమ్' అన్నాడు, భార్యాబిడ్డలు వాటేసుకున్నారు. ప్రొబేషన్ పీరియడ్ కూడా పెట్టలేదు.