ట్రాకింగ్ నాబ్ గారికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన ట్రాకింగ్ నాబ్ గారికి,

నమస్కారం. తమరు క్షేమమేనని తెలుసు. గరుకు బెల్టు తిప్పి కత్తులు అరగదీసే నా బెల్టు గ్రైండర్ మీద ఈ మధ్యాహ్నం జరిగిన దాంట్లో చెక్కుచెదరకుండా బయటపడింది, ఆ బెల్టుని పక్కకి జరక్కుండా చూడాల్సిన తమరొక్కరే కదా. బెల్టు తెగింది, కత్తి పాడైంది, నా బొటనవేలి గోరు ఒక పక్క అరిగిపోయింది. తమరు మాత్రం నల్లటి ప్లాస్టిక్ టోపీ పెట్టుకుని, ఫ్రేము మీద నాకేం సంబంధం అన్నట్టు కూర్చున్నారు.

జరిగింది రికార్డు కోసం రాస్తున్నాను. లారీ కమాన్ పట్టీ ముక్క. దాన్ని కాల్చి, సాగగొట్టి, ఆకురాయితో ఆకారం తెచ్చి, అయస్కాంతం అంటుకోనంత వేడెక్కాక నూనెలో ముంచి, పెళుసుతనం పోవడానికి ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర రెండుసార్లు పెట్టి తీసిన పట్టీ. మా పెద్దక్కకి కూరగాయల కత్తి. ఆవిడ అడిగి చాలా కాలమైంది, ఇప్పుడు అడగడం మానేసి నవ్వడం మొదలుపెట్టింది, ఆ సంగతి వేరు. కత్తి అంచుకేసి పలచబడే వాలు కుడివైపు బ్రహ్మాండంగా వచ్చింది. ఎడమవైపుకి తిప్పి, పిడి దగ్గర వాలు మొదలయ్యే గీత ఉంటుందే, సరిగ్గా అక్కడ ఆనించాను. బెల్టు మూడు మిల్లీమీటర్లు పక్కకి జరిగింది. తమరిని ఎవరూ ముట్టుకోలేదు. జరిగిన బెల్టు అంచు ఆ గీత దాటి పిడి వైపు కోసుకుంటూ పోయింది. 60 గ్రిట్ అంటే బాగా గరుకు బెల్టు కదా, గాడిలో గోరు పెడితే దిగుతోంది. నేను చెయ్యి వెనక్కి లాగేలోపే అది ఇంకాస్త జరిగి, ఫ్రేముని రాసుకుని, అంచంతా పీచులు లేచి, టప్‌మని తెగి డాబా పిట్టగోడ దాకా ఎగిరింది. పక్క డాబా మీద బట్టలు తీస్తున్న ఆంటీ "ఏం నాయనా, పిండిమర పెడుతున్నావా?" అని అడిగారు. అవునండీ అన్నాను. ఇంకేం చెప్పను?

తమరి డ్యూటీ ఏమిటో ఒకసారి మనవి చేస్తాను. ఈ మెషీన్లో 72 అంగుళాల బెల్టు నాలుగు చక్రాల మీద తిరుగుతుంది. ఒకటి మోటారుది, రెండు ప్లేటెన్‌కి, అంటే కత్తి ఆనించేచోట బెల్టు వెనకుండే ఇనప పలకకి, పైనా కిందా, అన్నిటికన్నా పైనున్నది తమరి అధీనంలో. తమరిని ఒక పావు చుట్టు బిగిస్తే ఆ చక్రం వెంట్రుకవాసి వాలుతుంది, బెల్టు అటు జరుగుతుంది. వదులు చేస్తే ఇటు. అంతే ఉద్యోగం. మోటారులా బరువు లాగక్కర్లేదు, ప్లేటెన్‌లా పొద్దస్తమానం రాపిడి పడక్కర్లేదు, బెల్టులా అరిగి చావక్కర్లేదు. పెట్టినచోట ఉండాలి. ఇంత సుఖమైన పోస్టు ఏ గవర్నమెంటు ఆఫీసులోనూ ఉండదు.

తప్పంతా తమరి మీదే వేస్తే అన్యాయం లెండి. తమరికి అప్పగించిన చక్రం సంగతి కూడా చెప్పాలి. డ్రాయింగులో స్పష్టంగా వేసిచ్చాను: చక్రం వెడల్పు 50 మిల్లీమీటర్లు, మధ్యలో కాస్త ఉబ్బు, రెండు పక్కలకీ వాలు, వ్యాసంలో ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా. లేతు షాపు అన్నయ్య చక్కగా, నున్నగా, ఈ చివర నుంచి ఆ చివరకి సమంగా తీసి చేతిలో పెట్టాడు. ఉబ్బు ఏదన్నా అంటే, "ఉబ్బెందుకు సార్, చక్రం సమంగా ఉంటేనే బెల్టు సమంగా తిరుగుతుంది" అన్నాడు. వినడానికి ఎంత న్యాయంగా ఉందో చూడండి. బెల్టుకి ఆ న్యాయం తెలీదు. చదును బెల్టు ఎప్పుడూ చక్రం మీద వ్యాసం ఎక్కువున్న వైపుకే పాకుతుంది, దానికి ఎక్కడమే గానీ దిగడం రాదు. మధ్యలో ఎత్తుంటే ఏ వైపు నుంచైనా మధ్యకే ఎక్కి అక్కడే నిలబడుతుంది. ఎత్తే లేకపోతే దానికి వెళ్ళాల్సిన చోటంటూ లేదు, కాబట్టి ఎక్కడికైనా వెళ్తుంది. జారుతోందని మళ్ళీ పట్టుకెళ్తే అన్నయ్య ఇంకా ఉదారంగా, "రెండు పక్కలా అంచు కట్టేస్తా సార్, ఇంకెక్కడికి పోతుంది?" అన్నాడు. అంచు కడితే బెల్టు ఆ అంచే ఎక్కుతుంది అన్నయ్యా, ఎక్కలేకపోతే రాసుకుని చిరుగుతుంది అంటే, చక్రం తిరిగి నా చేతిలోనే పెట్టి రేపు రమ్మన్నాడు. వాళ్ళ షాపులో రేపు ఇంకా రాలేదు.

మా వీధిలోకి సాన పట్టే తాత వస్తుంటాడు. సైకిల్‌కి స్టాండు వేసి తొక్కుతుంటే, టైరు తీసేసిన రిమ్ము నుంచి తాడు వెళ్ళి రాయిని తిప్పుతుంది. ఆ తాడు జారగా నేను చూడలేదు. తాడుకి గాడి కావాలి, పట్టీ బెల్టుకి ఉబ్బు కావాలి. గేటు దగ్గర ఆగి నా మెషీన్ చూసి, పై చక్రం మీద వేలు పెట్టి అటూ ఇటూ రాసి, "బోడిగా ఉంది కదయ్యా" అన్నాడు. ఒక్క ముక్క. లేతు షాపులో అంతసేపు డ్రాయింగు పరిచి చెప్పినా ఎక్కనిది అదే.

మిగతా స్టాఫ్ మీద నాకు పెద్ద కోపం లేదు. మోటారు గారు రెండు హార్స్ పవర్, త్రీఫేజ్. ఇంట్లో ఉన్నది సింగిల్ ఫేజ్ కాబట్టి మధ్యలో సింగిల్ ఫేజ్‌ని త్రీఫేజ్‌గా మార్చిచ్చే వీఎఫ్‌డీ గారిని కూర్చోబెట్టి, దానికి తగ్గట్టు మోటారు లోపలి తీగల కనెక్షన్ స్టార్ నుంచి డెల్టాకి మార్పించాను. 1440 ఆర్‌పీఎమ్, నాలుగంగుళాల డ్రైవ్ చక్రం, అంటే బెల్టు నిమిషానికి సుమారు 1500 అడుగులు. "అంత స్లోనా" అని నవ్వేవాళ్ళకి ఒక దండం. నేర్చుకునేవాడికి ఉక్కు మెల్లగా పోవడమే మేలు. వీఎఫ్‌డీ గారికి ఇనప పొడి పడదు, మూతున్న పెట్టెలో పెట్టి పోషిస్తున్నాను. బెల్టు బిగించే గ్యాస్ స్ట్రట్ ఒక పాత కారు డిక్కీది. దానికి పాత ఉద్యోగంలో మూత ఎత్తడమే పని, ఇప్పుడు కూడా మారు మాట్లాడకుండా అదే చేస్తోంది. చౌక బెల్టులకి జాయింటు దగ్గర గుబ్బ, తిరిగిన ప్రతిసారీ టక్ టక్‌మని కత్తిని తంతుంది. పైగా అవి తొందరగా మొండిబారి, కోయడం మానేసి కాల్చడం మొదలుపెడతాయి. అంచు మీద నీలం రంగు కనిపించిందా, అక్కడ ఉక్కు 300 డిగ్రీలకి చేరినట్టే, గట్టిదనం పోయినట్టే. "లో బడ్జెట్ గ్రైండర్" అని వీడియోలు పెట్టే దొరల మీద కూడా చిన్న కోపం ఉంది. వాళ్ళ లో బడ్జెట్ గ్యారేజీలో ముందే ఒక లేతు, ఒక మిల్లింగ్ మెషీన్, ఒక టిగ్ వెల్డర్ ఉంటాయి.

కానీ వీళ్ళందరూ చెడితే చెడినట్టు కనిపిస్తారు. తమరి తరహా వేరు.

ఖాళీగా తిరిగేటప్పుడు తమరంత బుద్ధిమంతులు లేరు. స్విచ్ వేసి, బెల్టు మధ్యకి తెచ్చి, లోపలికెళ్ళి కాఫీ తాగి వచ్చినా గీత దాటదు. ఎవరైనా చూడ్డానికి వస్తే ఇంకా బాగా నిలబడుతుంది. కత్తి ఆనిస్తామా, అప్పుడు మొదలు. ఎందుకో తెలుసుకోవడానికి పైనున్నవన్నీ విప్పాను. తమరు తోసే చక్రం తగిలించింది దేనికంటే, గేటు మడతబందుకి. నిజంగా గేటుదే. మేకుకీ గొట్టానికీ మధ్య సందు ఎంతుందంటే చక్రాన్ని చేత్తో పట్టుకుని ఊపితే టకటకమంటోంది. కత్తి నొక్కిన ప్రతిసారీ బెల్టు బిగువు మారుతుంది, మారినప్పుడల్లా ఆ సందు మేరకు చక్రం తలాడిస్తుంది, తలాడించిన వైపుకి బెల్టు బయల్దేరుతుంది. గేటు ఎటూ తలుపు తీసి వెయ్యడానికేగా, ఒక మిల్లీమీటరు ఊగితే ఎవరడుగుతారు? ఇక్కడ ఆ మిల్లీమీటరే కత్తి.

సరే, మడతబందు అలా ఉంది. తమరు? 8 ఎమ్ఎమ్ బోల్టు, ముతక మర, 5 ఎమ్ఎమ్ ప్లేటులో నాలుగంటే నాలుగు మరచుట్లు పట్టుకుని వేలాడుతున్నారు. కింద స్ప్రింగు లేదు. బోల్టు దానంతటది తిరక్కుండా బిగించే లాక్‌నట్టు లేదు. అనుమానం వచ్చి తమరి టోపీ మీదా ఫ్రేము మీదా కలిసేలా సన్నగా తెల్ల పెయింటు గీత పెట్టాను. స్విచ్ వేసి, ప్లేటెన్ మీద కర్రముక్క నొక్కి పట్టి, ఆపి చూశాను. రెండు గీతల మధ్య పెసరగింజ పట్టేంత ఎడం.

ఎవరు తిప్పారు నిన్ను? నేనా? మోటారు అదురుకి నువ్వే మెల్లగా, ఎవరికీ కనపడకుండా, విప్పుకుంటూ పోతున్నావు. అదురు లేనప్పుడు నిలబడ్డానికి నువ్వెందుకు, అగ్గిపుల్ల దూర్చినా నిలబడుతుంది. అదిరేటప్పుడు నిలబడతావనే కదా నీకు ఆ కుర్చీ ఇచ్చింది! నేను కత్తి వైపు చూడాలా, నీ వైపు చూడాలా? వాలు సమంగా పడాలంటే మోచేతులు పక్కలకి బిగించి, నడుముతో కదిలి, కళ్ళు అంచు మీద నుంచి తిప్పకూడదు. ఒక కన్ను అంచు మీద, ఒక కన్ను నీ మీద పెట్టి గ్రైండింగ్ చేసే మనిషిని బ్రహ్మ ఇంకా పుట్టించలేదు. ఇప్పుడు ఆ గాడి పోవాలంటే కత్తి మొత్తం దాని లోతుదాకా అరగదీయాలి. కూరగాయల కత్తి కాస్తా నిమ్మకాయలు కోసే చాకు అవుతుంది. అక్కకి ఏమని ఇవ్వను?

ఈ ఫ్రేము చేసిచ్చినవాళ్ళు దేనికి కక్కుర్తి పడ్డారో తలుచుకుంటే ఇంకా మండుతోంది. ఒక స్ప్రింగు, ఒక లాక్‌నట్టు. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో రెండూ కలిపి చాయ్ ఖర్చు. అది మిగిల్చారు. మిగిల్చి ఏం చేశారు? ఎర్రటి పౌడర్ కోటింగ్. అడిగానా నేను? రంగు వేస్తే గ్రైండరు, నట్టు వేస్తే ఖర్చూనా? డమాస్కస్ కత్తులకి ఉక్కు దిమ్మలు పంపిన కోనసముద్రం మన నిజామాబాద్ జిల్లాలోనే ఉంది. బొగ్గూ తిత్తీ పెట్టుకుని వాళ్ళు పర్షియా వ్యాపారుల్ని ఊళ్ళోకి రప్పించారు. ఇక్కడ రెండు హార్స్ పవర్ పెట్టుకుని ఒక పట్టీని గీత మీద ఉంచలేకపోతున్నాం.

కొత్తగా కత్తులు చేద్దామనుకునే కుర్రాళ్ళు "అన్నా, తక్కువలో ఏ గ్రైండర్ తీసుకోమంటావు, ఎన్ని హెచ్‌పీ ఉండాలి?" అని అడుగుతుంటారు. హెచ్‌పీ తర్వాత అడగండి తమ్ముళ్ళూ. విదేశం నుంచి మోటారుతో సహా తెప్పిస్తే లక్ష దాటుతుంది, పైన కస్టమ్స్ వాళ్ళ వాటా, కాబట్టి కొనేది ఇక్కడిదే, లేదా చేయించుకునేదే. షాపుకి వెళ్ళగానే ముందు ఈ నాబ్ పట్టుకోండి. తిప్పితే వేళ్ళకి కొంచెం ఎదురు తగలాలి. పై చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని ఊపండి, చప్పుడు రాకూడదు. దాని మీద స్టీలు స్కేలు అడ్డంగా పెట్టండి, మధ్యలో ఆని రెండు చివర్లా వెలుతురు కనపడాలి. తర్వాత మెషీన్ వేయించి కర్రముక్క గట్టిగా నొక్కండి. షాపాయన "ఖాళీగా చూడండి సార్, ఎంత స్మూత్‌గా తిరుగుతోందో" అంటాడు, ఆ మాట వినకండి. నొక్కినప్పుడు బెల్టు నిలబడితే డబ్బు అక్కడ పెట్టొచ్చు, చిన్న మోటారైనా సర్దుకోవచ్చు. అంగుళం వెడల్పు బెల్టుతో, 375 వాట్ల మోటారుతో టేబుల్ మీద పెట్టుకునే బుల్లి మెషీన్లుంటాయి, గట్టిగా నొక్కితే ఆగిపోతాయి. ఆగిపోవడమూ ఒక మర్యాదే. నా వల్ల కాదని మొహం మీద చెప్తుంది.

ఇక నీ సంగతి. మడతబందు కోసి పారేస్తున్నాను. దాని బదులు మందపాటి ఇనప దిమ్మ, అందులో బిగుతుగా పట్టే పివట్ బోల్టు. చక్రానికి ఉబ్బు వేరే లేతులో తీయిస్తున్నాను, తీసేదాకా పక్కనే నిలబడతాను. నీ పోస్టులోకి సన్నమర బోల్టు వస్తోంది, కింద స్ప్రింగు, పక్కన లాక్‌నట్టు, అన్ని లాంఛనాలతో.

నిన్ను పాత సామాను వాడికి వెయ్యను. ఎంతైనా ఈ మెషీన్ మీద నేను చేసిన మొదటి కత్తికి నువ్వే సాక్షివి, అది వంకరగా ఉన్నా మా అమ్మ దానితోనే బెండకాయలు కోస్తోంది. అందుకని సస్పెన్షన్ లేదు, బదిలీ మాత్రమే. గోడకి బెల్టులు తగిలించే చెక్క ఉంది, రేపట్నుంచి నీకు అక్కడ లూప్‌లైన్ పోస్టింగు. మెడకో బెల్టు వేలాడదీస్తాను. మోటారు ఉండదు, అదురు ఉండదు, ఎవరూ ఏమీ నొక్కరు. అక్కడ కూడా బెల్టు జారవిడిచావంటే మాత్రం నేను చేసేదేం లేదు, గేటుకే పంపిస్తాను.

ఇట్లు,
చేతిలో గాడిపడ్డ కత్తితో,
నీ పై అధికారి