సూపర్‌మ్యాన్ ఎర్ర డ్రాయరుకు ఒక లేఖ

మహారాజశ్రీ ఎర్ర డ్రాయరు గారికి,

ఉభయకుశలోపరి.

లోపల వేసుకుంటే మామూలు మనిషి, ప్యాంటు మీద వేసుకుంటే సూపర్‌మ్యాన్. చిన్నప్పటి నుంచీ మీ మీద మేం వేసుకుంటున్న జోకు ఇదే. మీరు ఏనాడూ నొచ్చుకోలేదు. 1938లో మిమ్మల్ని గీసిన జో షూస్టర్ మనసులో ఉన్నది సర్కస్ పహిల్వాను వేషం. అందుకే మొదటి కామిక్ అట్ట మీదే మీవాడు ఆకుపచ్చ కారును ఎత్తి బండకేసి కొడుతున్నా ఎవరూ లాజిక్ అడగలేదు.

2013లో 'మ్యాన్ ఆఫ్ స్టీల్' సినిమా వచ్చేసరికి మీరు లేరు. (కామిక్స్ వాళ్లు 2011లోనే మిమ్మల్ని విప్పేశారు లెండి, పాపమంతా దర్శకుడు జాక్ స్నైడర్ మీదే వేయకూడదు.) మీతోపాటు రంగులూ పోయాయి. ఆ నీలం, నానబెట్టి రెండు రోజులు బకెట్లోనే మరిచిపోయిన బట్టల రంగు. ఛాతీ మీది 'ఎస్' అసలు అక్షరమే కాదట, ఆయన పుట్టిన గ్రహం క్రిప్టన్‌లో దానికి ఆశ అని అర్థమట. అంత ఆశ గుండెల మీద మోస్తూ ఆయన నవ్వింది ఎన్నిసార్లో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఇంతకంటే ఘోరం సుడిగాలి సీను. కారులో ఇరుక్కున్న కుక్కను విడిపించడానికి వెళ్లింది ఎవరనుకున్నారు? వాళ్ల నాన్న! కుక్క బయటపడింది, ఆయన కాలికి దెబ్బ తగిలి ఇరుక్కుపోయాడు. రెప్పపాటులో ఎత్తుకురాగల కొడుకేమో, వద్దని నాన్న చెయ్యెత్తాడని నిలబడి చూశాడు. అంతకుముందు నీళ్లలో పడ్డ స్కూలు బస్సును కాపాడినప్పుడూ అంతే. "మరి చావనివ్వాల్సిందా?" అని పిల్లాడు అడిగితే, ఆ తండ్రి జవాబు "ఏమో". మా ఇంట్లో ఎవరైనా అలా అంటే అమ్మ అట్లకాడ తీసేది.

చివరికి సగం ఊరు కూలాక, రైల్వే స్టేషన్లో విలన్ జాడ్ మెడ విరిచి గావుకేక పెట్టాడు. హాల్లో మా పక్క సీటు పిల్లాడు పాప్‌కార్న్ నమలడం ఆపి వాళ్ల నాన్న మొహం చూశాడు. ఆ నాన్న ఫోన్ చూసుకున్నాడు.

మొదటిసారి ఎగరడం నేర్చుకునే సీను మాత్రం నాకు ఇప్పటికీ ఇష్టం. అబద్ధం ఎందుకు?

కానీ 1978 సినిమాలో క్రిస్టఫర్ రీవ్ మిమ్మల్ని వేసుకుని, చెట్టెక్కిన పిల్లిని దించి ఒక చిన్నపాపకు ఇచ్చాడు. 2025లో దర్శకుడు జేమ్స్ గన్ మిమ్మల్ని మళ్లీ తెచ్చాడు, కొత్తాయన భీకర పోరాటం మధ్యలో ఉడతను కాపాడాడు. మీరు లేని సినిమాలో కుక్కను కాపాడే పని కూడా నాన్న మీదే పడిందంటే తప్పు ఎవరిదంటారు?

కొత్త డ్రెస్సు ముడతలు పడిందని నెట్‌లో గోల చేశారు. పట్టించుకోకండి. ఇస్త్రీ పెట్టెను మాత్రం దగ్గరికి రానివ్వొద్దు.

ఇట్లు,
మిమ్మల్ని ఇప్పటికీ లోపలే వేసుకుంటున్న ఒక మామూలు మనిషి